శాంపిల్ గ్లాసు

తెల్లవారేసరికి జీవరత్నంగారి వరండాలో క్యాన్ల చప్పుడు మొదలవుతుంది. ఉంగుటూరు దాటి కాలవ గట్టు వెంబడి కొంచెం లోపలికి వెళ్తే వచ్చే ఊరది. ఊళ్లో గేదె ఉన్న ప్రతివాళ్లూ పొద్దున్నే ఆవిడ మెట్లెక్కాల్సిందే. పాల కేంద్రం ఆవిడది. ఆ ఊళ్లో దేవుడికి భయపడనివాళ్లు ఒకరిద్దరు ఉంటే ఉండొచ్చు గానీ, పాలలో వెన్న ఎంతో తేల్చే ఆవిడ ఫ్యాట్ మిషనుకు భయపడనివాళ్లు మాత్రం లేరు.

"ఏం వీర్రాజూ, రాత్రి వాన మీ దొడ్లో ఒక్కచోటే కురిసిందా?" అంది ఆవిడ, శాంపిల్ గ్లాసు వెలుగులోకి ఎత్తి తిప్పి చూస్తూ.

"ఎంత మాటండి! ఎండలకి గేదె నీళ్లెక్కువ తాగేస్తందండి," అన్నాడు వీర్రాజు నవ్వు ఆపుకుంటూ.

"గేదె తాగితే తప్పులేదు. నువ్వు క్యానుకి తాగించావు. నోరు అబద్ధమాడుద్ది గానీ మిషను ఆడదు. తీసుకుపో."

భర్త ఎలీయాజరు వెనకాల పెద్ద క్యాన్లలోకి పాలు వంచుతున్నాడు. చర్చి సంఘంలో పెద్ద ఆయన. ఇంట్లో మాట్లాడవలసిన మాటలన్నీ భార్యే మాట్లాడేస్తూ ఉండడంతో, ఆయన మాటలన్నీ ఆదివారం ప్రార్థనకే మిగిలిపోయాయి.

లోపలి గదిలో కోడలు ప్రసన్న కూడా ఆ వేళకి పాలు తీసే పనిలోనే ఉంది. రొమ్ముకి పాలు పిండే చేతిపంపు పెట్టుకుని, గోడ వైపు తిరిగి కూర్చుంది. ఆమెకు ఆడపిల్ల పుట్టి నెల దాటింది. నెలలు నిండకుండా పుట్టిన పాప. రొమ్ము పట్టి నాలుగు గుక్కలు తాగేసరికి అలిసిపోయి నిద్రలోకి జారిపోతుంది. ఏలూరు ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది: ముందు రొమ్ముకి పట్టించాలి, పాప వదిలేశాక మిగిలిన పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టాలి, అప్పటికీ ఆకలి తీరకపోతేనే డబ్బా పాలు. పాప బలం పుంజుకునేదాకా మూడూ కలిపి నెట్టుకురావాలి.

చెప్పడానికి డాక్టరమ్మ చెప్పింది గానీ, ఆ ఇంట్లో పాల గురించి ఇంకొకరు చెప్తే చెల్లుతుందా?

"ముందు పిండి నాకు చూపించు," అంది జీవరత్నం, పాపను ఇంటికి తెచ్చిన రోజే. "ఎన్ని పాలున్నాయో తెలీకుండా పిల్లను పక్కలో వేసుకుని కూర్చుంటే దాని పొట్ట నిండిందో లేదో ఎవరికి తెలుస్తుంది? కొలత లేని పాలు నా ఇంట్లో కుదరవు."

దాంతో డాక్టరమ్మ చెప్పిన వరస తలకిందులైంది. ముందు పిండడం, ఆ తర్వాత అత్తగారు సరేనంటే కాసేపు రొమ్ము, మిగతాదంతా డబ్బా. ఆ డబ్బా పాలు కూడా జీవరత్నమే పొద్దున్నే ఒక సీసాలో కలిపి ఫ్రిజ్‌లో పెట్టి, పూటపూటకీ వెచ్చచేసి తానే పట్టేది. కోడలి చేతికి ఇస్తే ఒలకబోస్తుందని ఆవిడ అనుమానం.

క్యానుకీ క్యానుకీ మధ్య వచ్చి గుమ్మంలో నిలబడింది జీవరత్నం.

"ఇంతేనా? దీనికా ఇంతసేపు? మీ అమ్మ బతికుంటే అడిగేదాన్ని, మీ వంశంలోనే పాలు లేవా అని. ముదినేపల్లోళ్లు కూతురికి చదువు పెట్టారు గానీ ఒంట్లో ఏమీ పెట్టలేదు."

ప్రసన్న తల్లి ఆమె చిన్నప్పుడే పోయింది. పుట్టింట్లో తండ్రీ అన్నా తప్ప ఆడదిక్కు లేదనే కాన్పు అత్తింట్లో జరిగింది. ఆ మాట చెవిన పడగానే అప్పటిదాకా బొట్టు బొట్టుగా వస్తున్న పాలు ఆగిపోయాయి. పంపు ఎంత నొక్కినా గాలి చప్పుడే వచ్చింది.

"అత్తయ్యా, మీరు కాసేపు అలా బయట ఉంటే వస్తాయండి."

"ఓహో, నేను చూస్తే ఆగిపోతాయా? నా కళ్లకి అంత బలముందా?"

కిందటి రోజు అంగన్‌వాడీలో తూకం వేస్తే పాప బరువు ఇసుమంత కూడా పెరగలేదు. తొడల మీద చర్మం వదులుగా ముడతలు పడుతోంది. అప్పటినుంచీ జీవరత్నం ఒంట్లో ఏదో పూనినట్టుంది. మనవరాలంటే ప్రేమ లేక కాదు, ఉంది. కానీ ఆ ప్రేమ ఎవరో ఒకరిని కొట్టందే నిలవని రకం.

ఆవిడ విసురుగా వెళ్లి ఫ్రిజ్ తెరిచింది. ప్రసన్న తెల్లారగట్ల పిండి, మూతపెట్టి దాచుకున్న చిన్న స్టీలు గ్లాసు చేతికి తగిలింది. మూత తీసి చూసింది. పైన సన్నటి తెట్టు, కింద నీలంగా పల్చటి పాలు. ఆ గ్లాసు పట్టుకుని నేరుగా వరండాలోకి నడిచింది.

"జీవా, అవి కోడలివి..." అన్నాడు ఎలీయాజరు.

"మీరు క్యాన్లు చూసుకోండి."

వరండా నిండా జనం. అందరి ముందూ ఆ పాలు శాంపిల్ గ్లాసులోకి వంచి మిషను కింద పెట్టింది. మిషను గుర్రుమంది. అంకె వెలిగింది. ఆవిడ రోజూ చదివే గొంతుతోనే పైకి చదివింది.

"ఒకటీ ఆరు."

గేదెపాలకి వెన్న నూటికి ఆరూ ఏడూ పడే చోట ఒకటీ పాయింటు ఆరంటే ఏమిటో అక్కడ అందరికీ తెలుసు. ఎవరివో కూడా తెలిసింది. వీర్రాజుకి తన క్యాను వెనక్కి పంపిన కసి ఎలాగూ ఉంది.

"మా గేదె ఈ పాలిస్తే ఆదివారం సంతకి తోలేస్తానండి," అన్నాడు.

ఒకళ్లిద్దరు తలలు దించుకున్నారు. మిగిలినవాళ్లు నవ్వారు. జీవరత్నం కూడా నవ్వింది. నవ్వి, గ్లాసులో మిగిలిన పాలు వరండా పక్కనున్న కాలవలోకి పారబోసింది.

గుమ్మం కర్టెన్ వెనక ప్రసన్న నిలబడి ఉంది. అదే నిమిషంలో లోపల పాప ఏడ్చింది. ఆ ఏడుపు వినగానే ఆమె జాకెట్టు ముందంతా తడిసిపోయింది. పాలు లేవని ఊరంతా నవ్విన మనిషికి! ఆమె చేతులు అడ్డం పెట్టుకుని గదిలోకి పరుగెత్తింది.

సాయంత్రం జాషువా వచ్చాడు. కైకలూరు వైపు చేపల చెరువులకి మేత సరఫరా చేసే కంపెనీలో ఉద్యోగం. పొద్దున్న మోటారు సైకిలెక్కితే దీపాలు పెట్టే వేళకే రావడం. మంచివాడే. తల్లి ముందు మాత్రం ఆ మంచితనం మాట పడిపోయినట్టు ఉంటుంది.

"ఏవండీ, మనిషి పాలు గేదె మిషన్లో పోస్తారాండి ఎవరైనా?" అంది ప్రసన్న.

"అమ్మకి పాల సంగతి తెలుసు ప్రసన్నా. నువ్వు స్కూల్లో లెక్కలు చెప్తావు. ఎవరి పని వాళ్లకి తెలుస్తుంది."

"నేను పాల గురించి మాట్లాడట్లేదండి. వాళ్లందరూ నవ్వారు. మీ అమ్మగారు కూడా నవ్వారు."

"వీర్రాజు అందర్నీ అలాగే అంటాడు. పాప బరువు పెరగలేదు కదా, అది ఆలోచించు ముందు."

పాప బరువు మాట ఎత్తితే ప్రసన్న నోరు పడిపోతుందని ఇంట్లో అందరికీ తెలిసిపోయింది.

తీర్పు జీవరత్నమే చెప్పింది. "ఈ నీళ్లతో పిల్లని మభ్యపెట్టింది చాలు. రేపట్నించి డబ్బా పాలే. నీ పాలు ఇంకిపోవడానికి మల్లెపూలు కడతాను."

వేసవి కదా, మల్లెలకి కరువులేదు. మర్నాడు తాడేపల్లిగూడెం నుంచి మామగారు తెచ్చిన పొట్లం విప్పితే ఇల్లంతా వాసన. పెళ్లైన కొత్తలో జాషువా కూడా అక్కణ్ణుంచే మల్లెలు తెచ్చేవాడు, జడలోకి. ఇప్పుడా దండలు రొమ్ముల మీద పరిచి, పాత చీర ముక్కతో గట్టిగా బిగించి కట్టింది అత్తగారు. వాపుతో సలుపుతున్న చోట ముడి పడేసరికి ప్రసన్న కెవ్వుమంది.

"ఓర్చుకో. రెండ్రోజుల్లో బావి ఎండినట్టు ఎండిపోతాయి. ఉండీ లేనట్టుండే పాలకంటే అసలు లేకపోవడమే నయం."

ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో జీవరత్నం గొంతు వీధిలోకి వినిపించింది. "తండ్రీ, మా కొట్టంలో గొడ్డుకి ఇచ్చిన కృప మా కోడలికి ఇవ్వలేదు. అయినా నీకు స్తోత్రం." దేవుడి పేరు పెట్టి తిడితే ఎదురు చెప్పడానికి వీలుండదు. అందరూ ఆమేన్ అన్నారు. ప్రసన్న కూడా అంది.

మర్నాడు మధ్యాహ్నం జీవరత్నం చర్చిలో స్త్రీల కూడికకి వెళ్లింది. పాప లేచి ఏడుపు అందుకుంది. ఫ్రిజ్‌లో సీసా అడుగున అత్తగారు కలిపి ఉంచిన పాలు కొంచెమే ఉన్నాయి. సరిపోవని ప్రసన్న మొదటిసారి ఆ డబ్బా చేతిలోకి తీసుకుంది. తీసుకోగానే ఆగిపోయింది. డబ్బా బరువుగా ఉంది. ఇన్నాళ్లుగా వాడుతున్న డబ్బా, మూత తీస్తే పొడి ఇంకా పైదాకా ఉంది.

డబ్బా మీద రాసిన కొలత చదివింది. లోపలున్న చెంచాతోనే, రాసినట్టే నీళ్లలో కలిపింది. తెల్లగా చిక్కగా వచ్చాయి. పక్కన అత్తగారి సీసా పెట్టి చూసింది. సీసా వెనక వేలు పెడితే వేలు కనిపిస్తోంది.

ప్రసన్న నేల మీద కూర్చుండిపోయింది. ఇన్నాళ్లూ పాప ఏడ్చింది ఆకలికి. బరువు పెరగనిది ఆకలితో. ఊళ్లోవాళ్ల క్యాన్లలో చుక్క నీళ్లుంటే పట్టేసే మనిషి, సొంత మనవరాలికి ఇన్నాళ్లుగా నీళ్లు పట్టింది.

ఒంటి మీద ముడి విప్పి, వాడిపోయిన మల్లెలు తీసి మూలకి విసిరేసింది. పాపను రొమ్ముకి పట్టించింది. పూల వల్లో దిగులు వల్లో పాలు బాగా తగ్గాయి, అయినా పాప ఓపిక ఉన్నంతసేపూ చప్పరించింది. ఆ తర్వాత ఉగ్గుగిన్నెతో చిక్కటి డబ్బా పాలు పట్టింది. పుట్టాక మొదటిసారి ఆ పిల్ల పిడికిలి విప్పి నిద్రపోయింది. ఆ విప్పిన పిడికిలి చూస్తూ ప్రసన్న వెక్కి వెక్కి ఏడ్చింది.

జాషువాకి చెప్పొచ్చు. మామగారికి చెప్పొచ్చు. చెప్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఆ ఇంట్లో కోడలి నోటిమాటకి విలువ లేదు, మిషను మాటకి ఉంది. ఆ రాత్రి పాపకు పాలు తానే పడతానని పట్టుబట్టి గదిలో ఉంచుకుంది.

మర్నాడు పొద్దున్న వరండా ఎప్పటిలాగే నిండింది. జీవరత్నం అప్పటికే సీసా కలిపి పెట్టి వచ్చి మిషను ముందు కూర్చుంది. బల్ల మీద శాంపిల్ గ్లాసులు వరసగా ఉన్నాయి. ప్రసన్న పాపను భుజాన వేసుకుని బయటికి వచ్చి, వరస చివర ఒక గ్లాసు పెట్టింది. ఎలీయాజరు చూశాడు. చూసి క్యాన్ల వైపు తిరిగాడు. కాన్పయ్యాక కోడలు వరండాలోకి రావడం అదే మొదలు. ఆడవాళ్లు పాపను పలకరిస్తున్నారు. జీవరత్నం తలెత్తలేదు, ఆవిడకి చేతినిండా పని.

వరస చివరి గ్లాసు చేతిలోకి వచ్చింది. ఆవిడ తిప్పి చూసి, మొహం చిట్లించింది. వాసన చూసింది. మిషను కింద పెట్టి అంకె చూసి గ్లాసు బల్ల మీద ఠపీమని కొట్టింది.

"ఎవరివివి? ఒక్కటి కూడా పళ్లేదు! నీళ్లు పోసింది చాలక, తెలీకుండా పంచదార కూడా కలిపారు. తియ్యటి వాసన కొడుతున్నాయి. ఎవరికిరా ఇంత తెగింపు? ఈ పాలు పసిపిల్లలు తాగుతారని తెలీదా? వాళ్ల ఉసురు తగలదా మీకు?"

ఎవరికి వాళ్లు తమవి కావని తలలూపారు.

"పసిపిల్లే తాగుతోందండి," అంది ప్రసన్న. గొంతు పెద్దది చేయలేదు. "పొద్దున్న మీరు కలిపిన సీసాలోవే అత్తయ్యా. మీ మనవరాలివి."

జీవరత్నం ముందు నమ్మలేదు. కోడలు కొంగు చాటునుంచి బయటికి తీసిన సీసా చూసింది. మొహం నల్లబడింది. అయినా నోరు వెనక్కి తగ్గలేదు.

"చంటిపిల్లలకి చిక్కపాలు అరగవు. సగానికి సగం నీళ్లు పోసే జాషువాని పెంచాను నేను. ఇది నెలలు నిండని పిల్ల కదా అని ఇంకొంచెం పల్చన చేశాను. పెంచడం నాకు తెలీదా?"

"అవి గేదెపాలండి. వాటికి నీళ్లు పోశారు. ఈ పొడికి ఎంత పొయ్యాలో డబ్బా మీద రాసుంది. మీరు దానికి నాలుగింతలు పోశారు. పాప ఏడ్చినప్పుడల్లా నా పాలు మంచివి కావన్నారు. ఇదిగో, తొడలు చూడండి." ప్రసన్న పాప కాలు మీది గుడ్డ తొలగించింది. చర్మం ముడతలు అందరికీ కనిపించాయి. "ఆ రోజు నా పాలకి ఒకటీ ఆరు పడిందని నవ్వారు కదా. ఇవాళ మీ పాలకి ఎంత పడిందో చదవండి. పైకి చదవండి."

జీవరత్నం చదవలేదు.

"మొదటి ధారలు పల్చగానే ఉంటాయి, వెన్నంతా చివరి ధారల్లో ఉంటుంది, దూడకి అవి వదలాలని నాకు చెప్పింది మీరే కదండి. మరి నా మొదటి ధారలే పిండించి మిషన్లో పోశారేం? మన గేదె చేపి పాలు వదిలేటప్పుడు కొట్టంలో ఎవర్నీ గొంతెత్తనివ్వరు. మావయ్యగారు దగ్గితే కూడా కసురుతారు. నేను పాలు పిండుకున్న ప్రతిసారీ గుమ్మంలో నిలబడి చచ్చిపోయిన మా అమ్మని తిట్టారు. ఏ గొడ్డు చేపుతుంది అత్తయ్యా?"

అప్పుడు వీర్రాజు, వాడికి జాలీ దయా ఎక్కడివి, మెల్లిగా అడిగాడు.

"మరి ఈ పాలు కూడా వెనక్కేనాండి జీవరత్నమ్మగారూ?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆవిడకి కొంత తేలికయ్యేదేమో. శాంపిల్ గ్లాసు తీసుకుని, మిగిలిన పాలు నోట్లో పోసుకుంది. పుక్కిలించి చూసింది. ఆ నాలుకకి అంతా తెలుసు. పాలలో ఎన్ని పాళ్లు నీళ్లో, ఆ నీళ్లు బోరువో కాలవవో కూడా తెలుసు. పొడి పాలని ఒక్కసారీ రుచి చూసుకోలేదు. ఇన్నాళ్లూ ఊళ్లోవాళ్లు తెచ్చిన ప్రతి క్యానునీ చూసింది గానీ, తన చేత్తో కలిపిన సీసాని మాత్రం చూడలేదు.

గ్లాసు చేతిలోంచి జారిపోయింది. "నా చేత్తో నేనే... నా చేత్తోనే పస్తు పెట్టానా దాన్ని," అంటూ కొంగు నోట్లో కుక్కుకుంది. ఊరంతా భయపడే మనిషి, ఊరంతా చూస్తుండగా కుర్చీలో కుప్పకూలింది.

ప్రసన్న ఓదార్చలేదు. పాపను ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

చప్పుడుకి లేచి వచ్చిన జాషువా ఎవరి వైపు చూడాలో తెలియక గుమ్మంలో నిలబడిపోయాడు. ఎలీయాజరు అప్పుడు నోరు విప్పాడు. "బండి తియ్యరా. కోడల్నీ పిల్లనీ ఏలూరు తీసుకెళ్లు. అక్కడ డాక్టరమ్మ చెప్పింది నీ చెవులతో విను. మీ అమ్మ చెవులతో వద్దు."

ఏలూరులో డాక్టరమ్మ పాపను తూచి, సీసా సంగతి విని, పాత వరసే మళ్లీ చెప్పింది. ముందు రొమ్ము, పాప ఇష్టపడినంతసేపూ. తర్వాత పిండిన పాలు ఉగ్గుగిన్నెతో. లోటు మాత్రం డబ్బాతో, రాసిన కొలతతో, ఎప్పటికప్పుడు కలిపి. తగ్గిన పాలు పాప నోరు పెట్టేకొద్దీ మళ్లీ వస్తాయంది, తల్లి మనసు కుదుటపడితే. ఆ మాట అంటూ జాషువా వైపు చూసింది. జాషువా తల దించుకున్నాడు. బయటికి వచ్చాక ఒకసారి ప్రసన్న చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె చెయ్యి పాప కింద ఉంది, తియ్యలేదు.

పాలు వెంటనే తిరిగి రాలేదు. మల్లెలు కట్టినంత సులువు కాదు విప్పడం. కొన్నాళ్లు పంపులోకి చెంచాడైనా రాక ప్రసన్న గోడకి తల ఆనించి ఏడ్చేది. కానీ గుమ్మంలో ఎవరూ ఉండేవారు కాదు.

ఒక పొద్దున్న వీర్రాజు క్యాను ఈడ్చుకుంటూ మెట్లెక్కి, "జీవరత్నమ్మగారండీ!" అని అలవాటు ప్రకారం కేకేశాడు. కర్టెన్ ముందు స్టూలు వేసుకుని కూర్చున్న ఆవిడ చప్పున లేచి వేలు పెదాల మీద పెట్టింది.

"మెల్లిగా. లోపల తాగుతోంది."

"పాలు మిషన్లో పెట్టాలండి..."

"మిషను ఆగుద్ది. నువ్వూ ఆగు."

కేంద్రమంతా గుసగుసలతో నడిచింది. క్యాన్లు ఎత్తి పెట్టారు గానీ ఈడ్చలేదు. లోపల పాప రొమ్ము వదిలి, ఇంకా కావాలని మూలిగింది. అది విని జీవరత్నం వంటింట్లోకి వెళ్లింది. ఉగ్గుగిన్నె పట్టుకుని వచ్చి గుమ్మం అవతలే ఆగింది. లోపలికి అడుగు పెట్టలేదు. క్యాను చేత్తో పట్టుకుని, అంకె ఏం పడుతుందో అని బల్ల ముందు నిలబడేవాళ్లు ఎలా నిలబడతారో, అలా నిలబడింది.

"డబ్బా మీద రాసినట్టే కలిపానమ్మా. ఒకసారి చూడు," అంది.

ప్రసన్న గిన్నె అందుకుంది. కొంచెం వంచి, వెలుగులో తిప్పి చూసింది. అత్తగారి కళ్లు ఆమె మొహం మీదే ఉన్నాయి. ఆ కళ్లలో భయం చూసి ప్రసన్నకి సంతోషం కలగాలి. కలగలేదు.

"బావున్నాయండి," అంది. కాళ్లు దగ్గరికి ముడుచుకుని మంచం మీద చోటు చేసింది. "లోపలికి రండి అత్తయ్యా. మీరే పట్టండి."

జీవరత్నం గుమ్మం పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది, గొంతు పైకి రానివ్వకుండా.